మూడు రోజుల సంగీతం - ఎవరి సొమ్ముతో?

 

రామచంద్రపురంలో సంక్రాంతి వచ్చిందంటే వీధి చివర మైకు కడతారు. ఆ పాట మనం పిలవకపోయినా మన గడప దాకా వస్తుంది. దానికి టికెట్టు లేదు, ప్రయాణం లేదు. మన పిల్లలను ఇప్పుడు పిలుస్తున్నది వేరే రకం సంగీతోత్సవం. గోవాలో 2007లో మొదలైన 'సన్‌బర్న్' వంటివి ఆరుబయట మైదానాల్లో, రోజుల తరబడి, వేలాది జనం మధ్య సాగుతాయి. "అంత ఖర్చు పెట్టి వెళ్ళడం తగునా?" అని మన యువకులే అడుగుతున్నారు. అడిగినందుకు వారిని మెచ్చుకోవాలి. చెప్పాపెట్టకుండా వెళ్ళేవాడు అసలు అడగడు కదా!

సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్న చర్చను ఇక్కడ పొడిగించము. వాయిద్యాలు నిషిద్ధమని నాలుగు మజ్‌హబుల పండితుల్లో అత్యధికులు అన్నారు. ఇబ్నె హజ్మ్ వంటి కొందరు ఒప్పుకోలేదు. లుఖ్మాన్ సూరా 6వ ఆయతులో ప్రస్తావించిన వ్యర్థ కాలక్షేపం పాటేనని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) వివరించారు. అలాగే, పండుగనాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) మందలించారనీ, దైవప్రవక్త (స) మాత్రం వారిని వదిలేయమన్నారనీ బుఖారీలో ఉంది. నవ్వినా తప్పే, పాడినా తప్పే అని కేకలు వేసే పెద్దలు ఈ హదీసును కూడా చదవాలి. కొడుకు పెళ్ళి బరాత్‌కు డి.జె. పెట్టించిన తండ్రి, గోవా వెళ్తానన్న చిన్నకొడుకును ఏ ముఖంతో ఆపగలడు?

ఇక ఖర్చు సంగతికి వద్దాం. 2025 జనవరిలో ముంబాయి, అహమ్మదాబాదుల్లో జరిగిన కోల్డ్‌ప్లే కచేరీల టికెట్లు 2,500 రూపాయల నుండి 35,000 దాకా అమ్మారు. నల్లబజారులో లక్షలు పలికాయి. అది టికెట్టు ఖర్చు మాత్రమే. రాజమండ్రి వెళ్ళి రైలెక్కాలి, గది తీసుకోవాలి, తినాలి, తిరిగి రావాలి. వీటన్నిటినీ ఒక కాగితం మీద రాసి కూడితే వచ్చే మొత్తం టికెట్టు ధర కన్నా ఎక్కువే ఉంటుంది.

ఆ మొత్తం ఎవరిది? మన ఇళ్ళలో ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. గోదావరి జిల్లాల నుండి కువైట్, ఒమన్, దుబాయ్‌లకు ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు ఎందరో మనకు తెలుసు. పరాయి పిల్లలకు అన్నం తినిపించి, తన పిల్లల ముఖాలు ఫోనులో చూసుకునే తల్లులు వారు. ఆమె పంపిన సొమ్ములో ఇంటి అప్పు, చెల్లి చదువు, నాన్నమ్మ మందులు అన్నీ కలిసి ఉంటాయి. "నా స్నేహితులందరూ వెళ్తున్నారు" అన్న మాటకు ఆమె దూరం నుండి కాదనలేదు. ఆ కాదనలేకపోవడాన్ని అనుమతిగా లెక్కించడం న్యాయమేనా?

మనిషి ఎలా సంపాదించాడు, దేనికి ఖర్చు చేశాడు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పనిదే ప్రళయదినాన అతని పాదాలు కదలవని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు తిర్మిజీలో ఉంది. యవ్వనాన్ని దేనికి వెచ్చించావన్నది కూడా ఆ ప్రశ్నల్లో ఒకటి. ఖర్చు చేసే దీనార్లలో ఇంటివారి కోసం ఖర్చు చేసిన దానికే ఎక్కువ పుణ్యమని ముస్లిం గ్రంథంలోని హదీసు చెబుతోంది. దుబారాకూ పిసినారితనానికీ మధ్య నడవమని ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు బోధిస్తోంది. కనుక తల్లిదండ్రులు పైసా విదల్చకుండా కూర్చోవడమూ సరికాదు. సెలవుల్లో పిల్లలందరినీ వెంటబెట్టుకుని కోటిపల్లి రేవుకో, కాకినాడ సముద్రతీరానికో వెళ్ళి రండి. ఇంట్లో ఏ సరదా దొరకని పిల్లవాడు బయట వెతుక్కుంటాడు.

"రహమాన్ సాహెబ్ కచేరీకైతే వెళ్ళవచ్చు కదా, ఆయన మనవాడే" అని కొందరంటారు. పాడేవారి పేరును బట్టి తీర్పు మారదు. పైగా 2023 సెప్టెంబరు 10న చెన్నైలో ఆయన కచేరీకి టికెట్టు కొని కూడా ఎందరో లోపలికి వెళ్ళలేకపోయారు. స్త్రీలు, పిల్లలు తొక్కిసలాటలో నలిగారు. నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. అంత జనంలో అసర్ ఎక్కడ, మగ్రిబ్ ఎక్కడ? నమాజును నిర్ణీత వేళల్లో విధించిన ప్రభువు మైదానానికి మినహాయింపు ఇవ్వలేదు.

2019 డిసెంబరులో సన్‌బర్న్ కోసం గోవాలోని వాగతోర్‌కు వెళ్ళిన ఇద్దరు ఆంధ్ర యువకులు కుప్పకూలి ప్రాణాలు విడిచారు. వారి మరణకారణంపై ఊహాగానాలు చేయడం మన పని కాదు. వారి కోసం ఎదురుచూసిన ఇళ్ళను మాత్రం తలచుకోండి.

టికెట్టు ఇప్పటికే కొన్నవారి మాటేమిటి? డబ్బు తిరిగి ఇస్తే తీసుకోండి. ఇవ్వకపోతే ఆ నష్టాన్ని ఓర్చుకుని ఆగిపోవడమే మేలని మా అభిప్రాయం. పోయిన డబ్బు రాబట్టుకోవాలని మరింత డబ్బు, మూడు రోజుల నమాజులు దానికి జత చేయడం ఏం లెక్క? తనకు తగదనుకున్న టికెట్టును పక్కింటి అబ్బాయికి అమ్మజూపడం కూడా వద్దు. కువైట్‌లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి, గది కోసం దాచిన మిగతా సొమ్ము చెల్లి ఫీజుకు కడుతున్నానని చెప్పండి.