ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని

అక్క పెళ్ళికి గాజులు కొనడానికి లాడ్ బజార్ వెళ్ళాం. చార్మినార్ దగ్గర ఆటో దిగి, నాలుగు షాపులు తిరిగితే అయిదో దాంట్లో బేరం కుదిరింది. బేరమాడింది నేనే. చెప్పిన ధరలో మూడో వంతు తగ్గించానని ఇంటికొచ్చాక కూడా గొప్పలు పోయాను.

కొన్ని నెలల తర్వాత ఓ స్నేహితురాలితో కలిసి తలాబ్ కట్టలో వాళ్ళ బంధువుల ఇంటికి వెళ్ళాను. అక్కడ నేల మీద, ఓ పళ్ళెంలో, అలాంటి గాజులే కనిపించాయి. ఇంకా సగం రాళ్ళు అతికించాల్సినవి. ఇంటావిడకి నలభై దాటి ఉంటాయి. మాతో మాట్లాడుతూనే ఒక్కో రాయీ తీసి పెడుతోంది. ఈ పని ఎప్పట్నించి చేస్తున్నారని అడిగాను. ఆవిడ నవ్వేసి, "కామ్ కాయ్‌కా బేటా, ఖాలీ బైఠే తో కర్ లేతే" అంది. పనేంటమ్మా, ఖాళీగా కూర్చుంటే చేసుకుంటాం, అంతే అని.

అక్కడున్న రెండు గంటల్లో ఆవిడ స్టవ్ తగ్గించడానికి ఓసారి, నల్లా వచ్చిందని బిందెలు పెట్టడానికి ఓసారి, అత్తగారికి మందు ఇవ్వడానికి ఓసారి లేచింది. ప్రతిసారీ తిరిగొచ్చి పళ్ళెం ముందే కూర్చుంది. ఆవిడ చెప్పిన ఖాళీ ఎక్కడుందా అని చూస్తూనే ఉన్నాను. నాకైతే కనపడలేదు.

అప్పట్నించీ ఆ మాట నన్ను వదల్లేదు. ప్రపంచీకరణ అనగానే మనకి హైటెక్ సిటీ అద్దాల భవనాలు గుర్తొస్తాయి. కానీ పాతబస్తీ గల్లీల్లోకి అది ఇంకో దారిన వచ్చింది, తలుపు తెరవకుండానే ఇంట్లోకి దూరింది. ఆ గాజు సంగతే చూడండి. దానికి కావాల్సిన లక్క మన దేశంలో ఎక్కువగా జార్ఖండ్ అడవుల్లో దొరుకుతుంది. కరిగించి గుండ్రంగా తిప్పడం కార్ఖానాలో జరుగుతుంది. రాళ్ళు అతికించే పని చాలావరకు ఇలా ఇళ్ళకి వస్తుంది, కూలి జతల లెక్కన. తయారయ్యాక గాజు లాడ్ బజార్‌కీ, అక్కణ్నించి గల్ఫ్‌కీ, అమెరికాకీ పోతుంది. ఇంత దూరం తిరిగే వస్తువుని తయారుచేసిన మనిషి మాత్రం గల్లీ చివరిదాకా వెళ్ళక్కర్లేదు. సరుకు తెచ్చేదీ తీసుకెళ్ళేదీ మధ్యవర్తి. గాజు ఎంతకి అమ్ముడుపోతుందో ఆమెకి తెలియాల్సిన అవసరం ఎవరికీ లేదు.

హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. సంతోషమే. ఈ ఊరి పేరుతో ఇంకెవరో నకిలీ సరుకు అమ్మకుండా అది ఆపుతుంది. జతకి ఎంత కూలి ఇస్తున్నారన్నది మాత్రం దాని పరిధిలోకి రాదు.

దీని గురించి మాట్లాడినప్పుడల్లా ఎదురయ్యే మొదటి జవాబు, "వాళ్ళ పద్ధతులు అలాంటివి, పర్దా వల్ల బయటికి రారు కదా" అని. ఈ జవాబు ఎంత సులువో అంత తప్పు. నరసాపురం గుర్తు తెచ్చుకోండి. పశ్చిమ గోదావరిలో లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆ అల్లేవాళ్ళలో చాలామంది పేద కాపు కుటుంబాల హిందూ స్త్రీలు. వాళ్ళు అల్లిన లేసు విదేశాలకి వెళ్ళేది, వ్యాపారులు బాగుపడ్డారు. అల్లినవాళ్ళు మాత్రం లెక్కల్లో గృహిణులు, వాళ్ళ పని తీరిక వేళ కాలక్షేపం. మతం వేరు, జిల్లా వేరు, సరుకు వేరు. అయినా పాతబస్తీలో నేను విన్న మాటే అక్కడా ఉంది.

ఇంకో ఉదాహరణ మరీ ఆశ్చర్యం. బంగ్లాదేశ్‌కి చెందిన నైలా కబీర్ 2000లో వచ్చిన తన పుస్తకంలో ఢాకా, లండన్ నగరాల్లోని బంగ్లాదేశీ స్త్రీలని పోల్చి చూసింది. పర్దా సంప్రదాయం బలంగా ఉన్న ఢాకాలో స్త్రీలు గుంపులు గుంపులుగా రోడ్డెక్కి బట్టల ఫ్యాక్టరీలకి వెళ్తున్నారు. లండన్‌లోనేమో ఇంట్లో మిషన్ పెట్టుకుని పీసు లెక్కన కుడుతున్నారు! సంప్రదాయమే కారణమైతే ఇది తిరగబడాలి కదా. పనిని ఇంట్లో పెట్టాలా, వీధిలో పెట్టాలా అన్నది సంప్రదాయం ఒక్కటే తేల్చే విషయం కాదు. ఏ పనులు దొరుకుతున్నాయి, బయట ఎంత భయం ఉంది, ఎవరికి ఏది చౌక అన్నవి కూడా కలిసి తేలుస్తాయి. వ్యాపారానికి పర్దా కొత్తగా కనిపెట్టక్కర్లేకపోయింది, ఉన్నదాన్ని వాడుకుంటే సరిపోయింది. షెడ్డు అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, పీఎఫ్ లేదు, పని లేని నెల జీతం ఇవ్వాల్సిన బాధ లేదు.

ఇక రెండో జవాబు కొంచెం కష్టమైనది. "ఆ పని కూడా లేకపోతే ఏం తింటారు? ఏమీ లేనిదానికంటే ఏదో ఒకటి నయం కదా?" దీన్ని నేను కొట్టిపారెయ్యలేను. ఆవిడ కూతురు డిగ్రీ చదువుతోంది, ఫీజులో కొంత ఆ రాళ్ళ డబ్బే. భర్త చేతికివ్వకుండా దాచుకునే నాలుగు రూపాయలు ఎంత విలువైనవో ఆవిడకి నేను చెప్పక్కర్లేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు కూడా. ఇష్టపడే చేస్తోంది.

కానీ ఆ పోలికలో ఒక మోసం ఉంది. ఆవిడ కూలిని మనం ఎప్పుడూ సున్నాతోనే పోలుస్తాం. షాపులో నేనిచ్చిన ధరతో పోల్చం, దుబాయ్‌లో పలికే ధరతో అసలే పోల్చం. మనకి జీతం పెంచమని అడిగేటప్పుడు మేనేజర్, "ఈ ఉద్యోగం లేకపోతే రోడ్డు మీద ఉండేవాడివి కదా" అంటే ఒప్పుకుంటామా? ఆవిడ ఇష్టపడిందన్నది నిజమే. ఆవిడ ముందు ఏ దారులున్నాయో నిర్ణయించినవాళ్ళ బాధ్యత దాంతో తీరిపోదు.

ఆ దారుల సంగతి ఆలోచిస్తే 1991 గుర్తొస్తుంది. జులైలో కేంద్ర బడ్జెట్ దేశం తలుపులు ప్రపంచ మార్కెట్‌కి తెరిచింది. ఆగస్టులో, హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఏడుస్తున్న ఓ పాతబస్తీ చిన్నపిల్లని ఎయిర్‌హోస్టెస్ గమనించింది. పక్కనున్న అరవై ఏళ్ళ సౌదీ వ్యక్తి ఆ పిల్ల 'భర్త'. ఆ బేరం కొత్తదేం కాదు, 1982లోనే సాగర్ సర్హదీ 'బాజార్' సినిమా తీశాడు. సరుకుకి సరిహద్దులు తెరుచుకున్న కాలంలోనే, ఇక్కడి పేద ఆడపిల్లకి ఆ సరిహద్దు దాటే దారి అలాంటి పెళ్ళి రూపంలో కూడా వచ్చింది. లేదంటే గల్ఫ్ ఇళ్ళలో పనిమనిషిగా. తన చేతి పనితనం పేరు మీద దాటే దారి మాత్రం రాలేదు.

మరి ఏం చెయ్యాలి? గాజులు కొనడం మానేస్తే మొదట ఆగేది ఆవిడ పళ్ళెమే. అందుకే నాకు బహిష్కరణ మీద నమ్మకం లేదు. అహ్మదాబాద్‌లో ఇలా భట్ 1972లో 'సేవ'ని యూనియన్‌గా రిజిస్టర్ చేయబోతే అధికారులు మొదట ఒప్పుకోలేదట. యజమానే లేనప్పుడు ఎవరి మీద పోరాడతారని అడిగారు. మేం కలిసి నిలబడటానికే యూనియన్ అన్నది వాళ్ళ సమాధానం. ఇంట్లో చేసే పనిని మిగతా కూలి పనులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒడంబడిక చేసింది. భారత్ దాన్ని ఇంకా ఆమోదించలేదు. 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టంలో మాత్రం గృహాధారిత కార్మికుల ప్రస్తావన వచ్చింది. కాగితం మీదైనా అది 'పని' అయింది. ఆవిడకింకా కాలేదు.

ఆ రోజు బయల్దేరే ముందు కూతురు కాలేజీ నుంచి వచ్చింది. బ్యాగు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, అమ్మ పక్కన కూర్చుని రాళ్ళు అందుకుంది. హైటెక్ సిటీలో ఉద్యోగం చూసుకోవాలని ఉందట, కానీ ఎలా వెళ్ళి రావాలి అని అడిగింది. మెట్రో ఎంజీబీఎస్ దాకా వచ్చి, పాతబస్తీ అంచున ఆగిపోయింది. రెండు బస్సులు మారాలి, రాత్రి ఆలస్యమైతే ఇంట్లో ఒప్పుకోరు. నా దగ్గర జవాబు లేదు. చార్మినార్ నుంచి న్యూజెర్సీకి గాజు చేరడానికి ఉన్నన్ని ఏర్పాట్లు, తలాబ్ కట్ట నుంచి మాదాపూర్‌కి ఒక అమ్మాయి చేరడానికి లేవు.

మొన్న అక్క ఇంటికొచ్చింది. చేతికి అవే గాజులు. ఒక రాయి ఊడిపోయింది. "చూశావా, చవగ్గా కొన్నావు" అని నవ్వింది. ఎంత చవగ్గా కొన్నానో ఆ రాత్రి లెక్క కడదామనుకున్నాను. షాపులో నేను తగ్గించిన మొత్తం నాకు బాగా గుర్తుంది. అది చివరికి ఎవరి జత కూలిలోంచి తగ్గిందో మాత్రం నేనెప్పుడూ అడగలేదు.