ముందు పాదం కొలుచుకో, తర్వాత ఊలు కొనుక్కో

అమ్మడూ, టొరంటోలో చలి ముదిరిందని, ఈసారి సాక్సులు నువ్వే అల్లుకుంటానని ఫోన్లో చెప్పావు. సంతోషం. ఢిల్లీలో కాపురమున్నప్పుడు శీతాకాలపు ఎండలో కూర్చుని పక్కింటి ఆవిడ దగ్గర పట్టుకున్న విద్య నాది. నీ చేతికి వస్తానంటే కాదంటానా! కానీ నువ్వు పంపిన ఫోటోలో ఆ నల్ల ఊలు చూశాక నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

దాన్ని దాచిపెట్టు. నల్లటి ఊలులో కుట్టు కంటికి ఆనదు. పైగా దానికి నూగొకటి. జారిన కుట్టును అందులో వెతకడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. నున్నగా, గట్టిగా పేనిన లేతరంగు ఊలు తెచ్చుకో. అల్లుతుంటే చారలు వాటంతటవే పడే ఊలు దొరుకుతుంది, అదైతే డిజైన్ల జోలికి పోకుండానే ముచ్చటగా ఉంటుంది.

కొట్లో మెత్తదనం చూసి పడిపోకు. బుగ్గకు ఆనించుకుని కొనాల్సింది శాలువా ఊలు. సాక్సు బతుకంతా బూటులో ఒరుసుకోవడమే. అచ్చం మెరినో, అందులోనూ ఒంటిపోగుది, ఎంత హాయిగా ఉన్నా మడమ దగ్గర తొందరగా చిల్లు పడుతుంది. చీటీ మీద 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్ అని ఉన్నది తీసుకో. నైలాన్ అనగానే మొహం చిట్లించకు, మడమను కాచేది అదే. కాటన్ మనకు అలవాటే, కానీ సాగి మళ్లీ దగ్గరపడే గుణం దానికి తక్కువ. మధ్యాహ్నానికల్లా చీలమండ మీదికి జారి కూర్చుంటుంది. ‘సూపర్‌వాష్’ అని ఉందో లేదో కూడా చూడు. మామూలు ఉన్నిని వేడినీళ్లతో మెషీన్లో తిప్పితే పోగులు పెనవేసుకుని కుదించుకుపోతాయి. ఆ తర్వాత అది పసిపిల్లలకే.

సన్నటి సాక్సు ఊలు 100 గ్రాములకు సుమారు 400 మీటర్లు వస్తుంది. ఆడవాళ్ల జతకు అది చాలు. 50 గ్రాముల ఉండలైతే రెండూ ఒకే రంగు లాటువి అడిగి తీసుకో, లేకపోతే ఎడమకాలిదొక ఛాయ, కుడికాలిదొక ఛాయ.

ఇక కొలత. పాదం వెడల్పుగా ఉన్నచోట చుట్టూ టేపు పెట్టు. తొమ్మిది అంగుళాలు వచ్చిందనుకో, పదోవంతు తగ్గించి ఎనిమిదికే అల్లాలి. కాలికి పట్టి ఉండాలిగా మరి. రెండున్నర మిల్లీమీటర్ల సూదుల మీద అంగుళానికి ఎనిమిది కుట్లు పడితే 64 ఎక్కించు, నాలుగు సూదుల మీద పదహారేసి, అయిదోది అల్లడానికి. నీ చేతి బిగువు వేరు, అంగుళానికి ఎన్ని పడుతున్నాయో చిన్న ముక్క అల్లి చూసుకున్నాకే లెక్క వెయ్యి. మొదటి వరస మాత్రం వదులుగా ఎక్కించు, బిగిస్తే మడమ దూరదు. స్టీలు సూదులు జారతాయి, వెదురువి కొనుక్కో.

మడమ తిప్పడం దగ్గరే చాలామంది వదిలేస్తారు. భయపడాల్సిందేమీ లేదు. సగం కుట్ల మీద చిన్న పలక అల్లి, మధ్యలోకి మలుపులు తిప్పుకుంటూ గిన్నెలా చేసి, అంచుల కుట్లు ఎత్తుకోవడమే. చెబితే అర్థం కాదు, చేస్తే అవుతుంది. అందుకే ముందు లావు ఊలుతో ఒక పసిపాప సాక్సు అల్లు, ముప్ఫై రెండు కుట్లు చాలు. ఒక్క సాయంత్రంలో మడమ గుట్టు తెలిసిపోతుంది. సూది మారినచోట నిచ్చెనలా సందు పడితే, కొత్త సూది మీద రెండో కుట్టు దగ్గర దారం కాస్త బిగలాగు.

ఒకటి పూర్తవగానే మురిసిపోయి పక్కన పెట్టకు, రెండోదానికి ఆ రోజే కుట్లు ఎక్కించు. ఒంటి సాక్సులు మిగిలిపోయిన ఇళ్లు ఎన్నో చూశాను. మొదటి జత ఎవరికీ బహుమతి ఇవ్వకు, నువ్వే తొడుక్కో. ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో నీ కాలే చెబుతుంది. రెండో జత మీ పెదనాన్నగారికి పంపు. ఆయన పాదం చుట్టుకొలత పది అంగుళాలు, కుట్లు ఎన్నో నువ్వే లెక్క వేసుకో.