ఎవరి గంట తప్పు?

కొత్త చోటికి వెళ్లినవాడే అక్కడి పద్ధతికి అలవాటు పడాలని అందరూ అంటారు. మేమూ అదే నమ్మాం. ఆశ్రమ పాఠశాలలో ఏళ్ల తరబడి పిల్లలకు అదే చెప్పాం. ఉపాధ్యాయుల సమావేశం కోసం ఆడిస్ అబాబా వెళ్లినప్పుడు, మొదటి రోజే ఆ నమ్మకం కదిలింది.

ఇథియోపియా రాజధాని అది. సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంటుంది, అంటే మన అరకుకు రెండింతలు దాటిన ఎత్తు. కొండల్లో పెరిగినవాళ్లం కదా అన్న ధీమాతో దిగాం. బసలో రెండో అంతస్తు ఎక్కేసరికే ఆయాసం వచ్చింది! తెల్లవారుజామున విమానాశ్రయం నుంచి తెచ్చి దింపిన డ్రైవరు, "మూడు గంటలకు వస్తాను, ఊరు చూద్దురుగాని" అన్నాడు. పడుకున్నాం. మధ్యాహ్నం మూడుకి గుమ్మంలో నిలబడితే ఎవరూ రాలేదు. మాట తప్పాడనుకున్నాం. అంతటితో ఆగామా? ఈ దేశంవాళ్లకు టైమంటే లెక్కలేదని కూడా అనేసుకున్నాం. ఆదివాసుల గురించి అదే మాట ఎన్నిసార్లు విని బాధపడ్డామో అప్పుడు గుర్తు రాలేదు.

సంగతి బసలో పనిచేసే కుర్రాడు చెప్పాడు. అక్కడ గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట, మన తొమ్మిది వాళ్లకు మూడు. పాపం, డ్రైవరు పొద్దున్నే వచ్చి కాచుకుని కాచుకుని వెళ్లిపోయాడట. వాళ్ల ఏడాదికి నెలలు కూడా పదమూడు. ముప్పై రోజుల నెలలు పన్నెండు, చివర ఐదారు రోజుల చిన్న నెల ఒకటి. మొదట నవ్వొచ్చింది. కానీ పొద్దు పొడిచాక గంటలు లెక్కపెట్టడంలో వింతేముంది? అందరూ నిద్రపోతుంటే అర్ధరాత్రి తేదీ మారడమే వింత. మన తాతలు బారెడు పొద్దెక్కింది అనేగా చెప్పేవారు.

వీధిలోకి వెళ్లాం. బోర్డుల నిండా అమ్హారిక్ అక్షరాలు. మన గుణింతంలాగే ఒక్కో హల్లుకు ఏడు రూపాలని తెలుసుకున్నాం గాని, ఒక్క అక్షరమూ చదవలేకపోయాం. పాఠాలు చెప్పే మేము అక్కడ నిరక్షరాస్యులం. అప్పుడు గుర్తొచ్చారు, జూన్‌లో ట్రంకుపెట్టెతో మా బడికి వచ్చే ఆరేళ్ల పిల్లలు. ఇంట్లో కువి తప్ప మరో మాట ఎరగని పిల్లలు. ఒకడు మూడు రోజులు నోరు విప్పలేదు. మొద్దు అన్నాం. నాలుగో రోజు కొండదారిన ఇంటికి పారిపోయాడు. కొన్నాళ్లు చూసి రిజిస్టరులో పేరు కొట్టేశాం. మాకూ కువి వచ్చు. సిగ్గుపడాల్సింది అక్కడే.

సాయంత్రం డ్రైవరు మళ్లీ వచ్చాడు. మేం నోరు తెరిచేలోగానే, "మీ గంటా మా గంటా అని చెప్పకపోవడం నాదే తప్పు" అన్నాడు. ఆయన ఊళ్లో ఆయన గంటే చెప్పాడు, తప్పెక్కడుంది? అయినా బరువు తనమీద వేసుకున్నాడు.

ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్లు ఒరోమోలు. ఆ నగరాన్ని వాళ్లు ఫిన్‌ఫిన్నె అంటారు. (మన ఊళ్లకూ ఇంటి పేరొకటి, రికార్డు పేరొకటి ఉన్నాయి కదా.) ఇంటావిడ పచ్చి కాఫీ గింజలు మా ఎదుటే వేయించి, దంచి, కాచి మూడు విడతలు పోసింది. మన కొండల్లో కాఫీ పండించి సంతలో అమ్మి, ఇంట్లో టీ తాగే వాళ్లమే ఎక్కువ. ఆ సంగతి చెబితే ఆవిడ నమ్మలేదు.

వాళ్ల చిన్నపాప మాకు అంకెలు నేర్పింది. టొక్కో, లమ, సది. మూడోది మాకు పలకలేదు. పాప నవ్వింది, మళ్లీ చెప్పింది. మళ్లీ తప్పాం. ఈసారి నవ్వకుండా మా పక్కకు జరిగి కూర్చుని, మూడు వేళ్లు చూపించి, నెమ్మదిగా మళ్లీ చెప్పింది.