డబ్బుంటే తెలిసినట్టేనా?

న్యూజెర్సీలో ఉంటున్న మా పెద్దమ్మ కూతురు ఈమధ్య ఫోన్లో నవ్వుతూ అంది: "నేనిప్పుడు అక్రెడిటెడ్ ఇన్వెస్టర్‌నటే!" పెళ్ళికి ముందు అక్క హైదరాబాద్‌లో బ్యాంకు ఆఫీసరు. డిపెండెంట్ వీసాతో వెళ్ళి ఉద్యోగానికి దూరమయింది.

ఆ హోదా ఏమిటో చదివాక నాకు నవ్వు రాలేదు. అమెరికాలో 1933 నాటి చట్టం ప్రకారం, వాటాలు అమ్మే కంపెనీ తన వివరాలన్నీ నమోదు చేసి బయటపెట్టాలి. తమను తాము కాపాడుకోగలవాళ్ళకి ఆ రక్షణ అక్కర్లేదని 1953లో అక్కడి సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. ఎవరు వాళ్ళు? 1982 నాటి నియమం ఈ ప్రశ్నకి డబ్బుతో జవాబు చెప్పింది: ఏటా 2 లక్షల డాలర్లు మించిన ఆదాయం, లేదా 10 లక్షలు మించిన నికర ఆస్తి. 2010 నుంచి ఉంటున్న ఇల్లు ఆ ఆస్తి లెక్కలోకి రాదు. భార్యాభర్తలకైతే ఉమ్మడి ఆదాయం 3 లక్షలు దాటినా చాలు. ఆ గీత దాటితే, ఇంకా మార్కెట్లోకి రాని కంపెనీల్లో, హెడ్జ్ ఫండ్‌లలో పెట్టుబడికి తలుపులు తెరుచుకుంటాయి. పెరిగితే ముందు చేరినవాళ్ళకి లాభం. మునిగితే బయటపడే దారి కూడా ఉండకపోవచ్చు.

అక్కకి అర్హత తెచ్చింది బావగారి జీతం. బ్యాలెన్స్ షీట్ చదవగలిగేది మాత్రం అక్క! కొన్ని లైసెన్సులున్నవాళ్ళని కూడా చేర్చి, చదువుని లెక్కలోకి తీసుకోవడానికి 2020 దాకా పట్టింది.

మొదట నాకు కోపమే వచ్చింది. తర్వాత అమ్మ గుర్తొచ్చింది. తెలిసినాయన చీటీలో ఆమె దాచుకున్నదంతా పోయిన రోజు, "నువ్వు ఇందులో చేరకూడదు" అని అడ్డుపడే నియమం ఒకటి ఉంటే బావుండుననిపించింది. కాబట్టి రక్షణ అవమానం కాదు. అవమానం దాని పేరులో ఉంది. నష్టం తట్టుకోగలవాళ్ళని అలాగే పిలవొచ్చు. వాళ్ళని వివేకవంతులని, మిగతావాళ్ళని అమాయకులని ఎందుకనాలి?

మన సెబి కూడా 2021లో ఇలాంటి హోదా తెచ్చింది. 2 కోట్ల ఆదాయం, లేదా 7.5 కోట్ల నికర ఆస్తి. ఆ ఆస్తిలో సగం ఆర్థిక ఆస్తులుగా ఉండాలి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ పేరున ఏదైనా ఉంటే అది బంగారమో, పసుపుకుంకుమ కింద వచ్చిన చెక్కో. ఆ సగంలో వాటికి చోటు లేదు.

"మరి సంతకం పెడతావా అక్కా?" అనడిగాను.

"పెడతాలే. కానీ పోతే ఎవరి డబ్బు పోయినట్టు? ఆయనదా, నాదా?"

ఆ ప్రశ్నకి ఏ ఫారంలోనూ గడి లేదు.