దుఃఖంలో ఉన్న విద్యార్థికి సైన్సు పాఠం

కష్టంలో ఉన్న విద్యార్థిపై దయ చూపితే శాస్త్రవిద్య ప్రమాణం తగ్గిపోతుందా అన్నది పాత ధర్మసందేహమే. న్యూటన్ సూత్రం ఎవరి కన్నీళ్లకూ మారదు. కానీ పాఠం చెప్పే వేళ, వరస, ప్రశ్న అడిగే తీరు ఉపాధ్యాయుడి చేతిలోనివి. కరుణకు చోటు అక్కడ కావలసినంత ఉంది.

వంశధార ఒడ్డున శాలిహుండం, విజయనగరం దగ్గర రామతీర్థం ఒకప్పటి బౌద్ధక్షేత్రాలు. అలాంటి కరుణకు ఆ బౌద్ధ సంప్రదాయంలోనే ఉదాహరణ ఉంది: కిసాగౌతమి కథలో, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి బుద్ధుడు అనిత్యత గురించి ఉపన్యసించలేదు. చావు ఎరగని ఇంటినుంచి చిటికెడు ఆవాలు తెమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరిగి ఆమే నిజం తెలుసుకుంది. సైన్సు బోధనకు ఇంతకన్నా మంచి నమూనా దొరకదు: సత్యం అణువంతైనా పలచబడలేదు, దాన్ని చేరే దారి మాత్రం ఆమె స్థితికి తగ్గట్టు ఏర్పడింది. గీతలోనూ అర్జునుడి విషాదాన్నంతా విన్నాకే కృష్ణుడు బోధ మొదలుపెట్టాడు.

అలాంటి బోధన అవసరమైన సందర్భం శ్రీకాకుళం జిల్లాకు వచ్చింది: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఇంటర్ పరీక్షలు మాత్రం నెలల్లోనే వచ్చాయి. అలాంటి ఏడాది సిలబస్‌ను పరుగెత్తించడం కంటే మూలభావనలను నిదానంగా మళ్లీ చెప్పడం, మార్కులు లేని చిన్న పరీక్షలు పెట్టడం, ల్యాబ్‌లో జంటలుగా పని చేయించడం మేలు.

ఉద్దానంలో బై.పి.సి. చదివే పిల్లలకు మూత్రపిండాల పాఠం ఇంటి సంగతి కూడా. క్రియాటినిన్ అన్న మాట పుస్తకం కన్నా ముందే డయాలసిస్‌కు వెళ్లే తండ్రి చీటీలో చూసి ఉంటారు. అక్కడ చాలామందిని పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఆ మాట మాస్టారు దాచకుండా చెప్పాలి, వెతుకులాట ఎలా సాగుతోందో వివరించాలి. "మాకే ఎందుకు?" అన్న ప్రశ్నకు పూర్వకర్మ అని జవాబిస్తే బాధితుల మీద నేరం కూడా మోపినట్టవుతుంది. తరగతిలో ఆ జవాబుకు తావివ్వకూడదు.

కరుణ ఇప్పుడు ఉపాధ్యాయుడి ఇష్టానికే వదిలేసిన విషయం కాదు: విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి బ్యాచులు విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంత వరకు మానాలంది. వంద, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హతగల కౌన్సిలరు ఒకరైనా ఉండాలంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ తప్పనిసరి చేసింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీలు వీటిని మరో తుఫాను వచ్చేదాకా ఆగకుండా అమలు చేయాలి.