రెండో సంతకం

"ఎవరో ఒకరు ముందు నడవకపోతే మందెట్లా వస్తుంది మావయ్యా?" అన్నాడు మా అల్లుడు. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ నడిపే కంపెనీలో పనిచేస్తున్నాడు. హెచ్‌ఐవీని ఒంట్లోంచి పూర్తిగా తీసేసే ప్రయోగాలకు జగ్గయ్యపేట, నందిగామ లాంటి చోట్ల నుంచీ వాలంటీర్లు వెళ్లాలని అతని వాదన. హైవే మీద లారీల మధ్య బతికిన ఊళ్లు కదా, ఈ జబ్బు సంగతి మనకంటే ఎవరికి తెలుసు అంటాడు.

"నడవాలి, కాదన్నదెవరు? నడిచేవాడికి దక్కేదేమిటో చెప్పు ముందు."

"తొలి దశలో ఏమీ దక్కదు. మందు వల్ల అపాయం ఉందా లేదా చూస్తారు. ఆ ముక్క ఫారంలో రాస్తాం."

"రాస్తారు. వినేవాడి చెవికి మాత్రం జబ్బు పోతుందనే వినపడుతుంది. బెర్లిన్ పేషెంటు తిమోతీ రే బ్రౌన్‌కు 2007లో మూలకణాల మార్పిడి చేసింది లుకేమియా కోసం. హెచ్‌ఐవీ పోయింది, నిజమే. 2020లో ఆ లుకేమియాయే తిరగబెట్టి చనిపోయాడు. హెచ్‌ఐవీతో పుట్టిన మిసిసిపీ పాపకు మందులాపాక రెండేళ్లకు పైగా వైరస్ కనపడలేదు, 2014లో మళ్లీ బయటపడింది. జన్యువును కత్తిరించే ఈబీటీ-101ను 2022లో తొలిసారి మనిషికి ఎక్కించారు. తర్వాత మందులాపి చూసినవాళ్లలో వైరస్ మళ్లీ లేచింది."

"పెద్ద అపాయం లేదనీ తేలింది కదా! పని చేసిందో లేదో తెలియాలంటే మందులాపి చూడాల్సిందే. వేరే దారి లేదు."

నాకు కావలసిన చోటికి తనే వచ్చాడు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణిచి ఉంచే బిళ్లల చికిత్స, మొదలుపెట్టింది. విజయవాడ పెద్దాసుపత్రిలో బిళ్లలు తెచ్చుకుని, రోజూ వేసుకుని, సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకో మిరప కోతకో పోయే మనిషి రోగి అనిపించుకోడు. వైరల్ లోడ్ కనపడనంత తగ్గి అలాగే నిలిస్తే అతని నుంచి భార్యకు సోకదు. బిళ్లలు ఆపిన వారాల్లో ఆ రక్షణ ఇద్దరికీ పోతుంది.

"స్మార్ట్ ట్రయల్ గుర్తుందా? 5 వేల మందికి పైగా చేరారు. మందులు ఆపుతూ వేస్తూ వచ్చినవాళ్లలోనే జబ్బులూ చావులూ ఎక్కువని 2006లో తేలింది."

"అవి నెలల తరబడి ఆపినవి మావయ్యా. ఇప్పుడు తరచూ రక్తం తీస్తారు, వైరస్ లేస్తే మళ్లీ బిళ్లలు మొదలుపెడతారు."

"సరే, అతని ప్రాణం అతనిష్టం. అతని భార్య సంగతేమిటి? ఫ్రాన్స్‌లో ఇలా మందులాపిన ట్రయల్లోనే ఒకరి నుంచి భాగస్వామికి సోకింది. ఫారం మీద ఆ భాగస్వామి సంతకం ఉండాలని ఏ రూలు చెబుతోంది?"

అల్లుడు కాసేపు ఆలోచించి, పుణెలో 2005లో, చెన్నైలో 2006లో హెచ్‌ఐవీ టీకా పరీక్షలకు జనం ముందుకు రాలేదా అన్నాడు. వచ్చారు. వాళ్లు హెచ్‌ఐవీ లేనివాళ్లు, ఆపడానికి బిళ్లలే లేవు. ఆ పోలిక ఇక్కడ చెల్లదు.

సంతకాల మాటకొస్తే మనది విచిత్రమైన దేశం. మన పొలిమేర దాటితే ఖమ్మం జిల్లా. 2009లో అక్కడ వేలమంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేస్తే, హాస్టల్ పిల్లల ఫారాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరి మరణాలకూ టీకాకూ సంబంధం తేలలేదు గానీ, 2010లో ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటు కమిటీ చీవాట్లు పెట్టింది. అమ్మానాన్నలు బతికుండగా వార్డెన్‌కు ఆ హక్కెవరిచ్చారని నేను గొంతు పెంచేసరికి, "మనం హెచ్‌ఐవీ గురించి కదా మాట్లాడేది" అన్నాడు అల్లుడు నవ్వుతూ.

"భార్యకు చెప్పాలంటే గుట్టు రట్టవుతుంది మావయ్యా. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఆ గుట్టుకే కాపలా. హెచ్‌ఐవీ మందుల ట్రయల్లో అంగీకారానికి వీడియో అక్కర్లేదు, ఆడియో చాలన్నారు. ముఖం బయటపడకూడదనే కదా!"

"ఆ రూలు నాకూ నచ్చింది. గుట్టు అతని హక్కే, ఇంట్లో చెప్పని వాడికి బిళ్లలు ఇవ్వొద్దని నేననడం లేదు. బిళ్లలు ఆపే ట్రయల్లో చేరడానికి మాత్రం ఆ హక్కు చాలదు. ఆమె ఒంటిని పందెం పెట్టి గుట్టు కాపాడుకోవడం ఏం న్యాయం?"

"భార్యకు ముందుజాగ్రత్తగా ప్రెప్ బిళ్లలు ఇవ్వొచ్చు."

"ఎందుకు వేసుకోవాలో చెప్పకుండానా?"

"నిజమే," అన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. డబ్బు ఆశకు చేరేవాళ్ల సంగతీ ఎత్తాడు గానీ, పోయిన కూలికి కూలి, దారి ఖర్చులు ఇస్తే సరిపోతుందని తేల్చేశాను.

ట్రయల్‌కు రమ్మని ఎవరైనా అడిగితే వెళ్లొద్దని నేను చెప్పను. భార్యనో భర్తనో వెంటబెట్టుకుని వెళ్లండి. బిళ్లలు ఎన్ని వారాలు ఆపుతారో, వైరస్ ఎంతకు లేస్తే తిరిగి మొదలుపెడతారో, ఇంట్లో రెండో మనిషికి సోకితే ఎవరు బాధ్యులో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి. రాసివ్వం అంటే లేచి వచ్చేయండి.