దొరికిన తోలుతోనే

తెల్లవారుతోంది. ఎర్రగడ్డ రైతుబజారులో ఈపాటికి కూరగాయల బుట్టలు దిగుతుంటాయి. అక్కడికి కాస్త దూరంలోనే సినిమావాళ్ల ఫిల్మ్‌నగర్. అదృష్టం ఎక్కడుందని అడిగితే చాలామంది అటే చెయ్యి చూపిస్తారు.

ఇలాంటి ప్రశ్నే పూర్వం ఒక రాజుకూ వచ్చింది. లిడియా రాజు క్రోయిసస్ తన ధనాగారమంతా చూపించి, అందరికన్నా సుఖపడినవాడు ఎవరని గ్రీకు జ్ఞాని సోలోన్‌ను అడిగాడట. ఎవరి బతుకైనా చివరిదాకా చూడందే చెప్పలేమన్నాడు సోలోన్. హెరొడోటస్ రాసిన ఈ కథ తలచుకున్నప్పుడల్లా నాకు సినీ నటుడు చిత్తూరు నాగయ్యగారు గుర్తొస్తారు. 1946లో 'త్యాగయ్య' సినిమాను తానే నిర్మించి, దర్శకత్వం వహించి, త్యాగరాజుగా నటించారు. చేతికి ఎముక లేని మనిషి. గడించిందంతా కరిగిపోయింది. చివరి రోజుల్లో చిన్న చిన్న వేషాలు వేస్తూ, 1973లో కన్నుమూశారు.

మరి సోలోన్ లెక్కన ఆయన సుఖపడలేదనాలా? నా మనసు ఒప్పుకోదు. అరిస్టాటిల్ ఇంకో మాట చెప్పాడు: చెప్పులు కుట్టడంలో నేర్పరి, దొరికిన తోలుతోనే మేలైన జత కుడతాడు, మంచివాడూ అంతేనని. ఆ చిన్న వేషాల్లో నాగయ్యగారిని ఒకసారి చూడండి. కాసేపే కనిపించే తండ్రి పాత్రైనా సరే, ఆ గొంతులో అదే ఆర్ద్రత, అదే శ్రద్ధ.